ఎండసీమలో ఎముకబలము – నీడను కొలిచి ఎండ కాగు పద్ధతి

పెద్దదోర్నాల, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములలో నీటికి కరవు కలదు గాని ఎండకు కరవు లేదు. శ్రీశైలము పోవు యాత్రికుడు నల్లమల ఘాటు ఎక్కుటకు ముందు దోర్నాలలో బస్సు దిగినచో మొట్టమొదట వెదకునది చెట్టునీడయే. ఇట్టి సీమలో నివసించు వారికి ఎండ వలన కలుగు డి విటమిన్ కొరతపడినదని చెప్పినచో ఎవరైనను నవ్వుదురు. "ఎండలో పుట్టి ఎండలో పెరిగిన వాళ్లం, మాకు ఎండ చాలకపోవడం ఏమిటి?" అని రైతు అడుగుట సహజము.

అయినను రక్తపరీక్షలు వేరుగా చెప్పుచున్నవి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సి. వి. హరినారాయణ్, వారి సహచరులు తిరుపతి పట్టణ ప్రజలను, పల్లెప్రజలను పరీక్షించి 2007 లో ఫలితములు ప్రకటించిరి. రక్తములో మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటె తక్కువ డి విటమిన్ ఉన్నవారు పల్లెల పురుషులలో నూటికి 44 మంది, పల్లెల స్త్రీలలో నూటికి 70 మంది. పట్టణములో పురుషులు నూటికి 62 మంది, స్త్రీలు 75 మంది. పల్లెలలో పరీక్షింపబడినవారు నగరవాసుల వలె గదులలో కూర్చుండువారు కారు, పొలము పనులు చేయువారు.

ఈ లెక్కలు చూచి భయపడనక్కరలేదు. నిల్వ తక్కువగా ఉన్నంత మాత్రమున వారందరు రోగులని అర్థము కాదు. అయితే పల్లెవారికి పట్టణమువారికంటె కొంత మేలుగా ఉన్నదనియు, అయినను ఎండలో పనిచేసినంత మాత్రమున చాలలేదనియు దీనివలన తెలియుచున్నది. ఇట్లేల జరుగుచున్నది? ఎండను ఎప్పుడు, ఎంత, ఏ విధముగా వాడుకొనవలెను? ఎక్కడ ఆపవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము ప్రతి రైతు కుటుంబము తెలిసికొనవలసియున్నది. ఏలయన తక్కువైనచో ఎముకకు చేటు, ఎక్కువైనచో ప్రాణమునకే చేటు.

డి విటమిన్ చేయు పని

మన ఎముక గట్టిపడుటకు సున్నపు ధాతువు, అనగా కాల్షియం, కావలెను. మనము తిన్న ఆహారములోని కాల్షియం పేగుల నుండి రక్తములోనికి చేరుటకు డి విటమిన్ తోడ్పడును. ఇంటి గోడకు ఇటుకలు ఎన్ని తెచ్చినను వానిని అందించు కూలివాడు లేనిచో గోడ లేవదు గదా! ఇటుక కాల్షియం, అందించు కూలివాడు డి విటమిన్.

ఇది చాలనిచో చిన్నపిల్లలలో ఎముకలు మెత్తబడి, కాళ్లు వంగి, మణికట్లు ఉబ్బి, నడక ఆలస్యమగును. దీనినే రికెట్స్ అందురు. పెద్దలలో నడుమునొప్పి, తొడల నొప్పి, కూర్చున్నచోటి నుండి లేవలేకుండుట, మెట్లెక్కలేకుండుట కనబడును. ముసలివారిలో చిన్న తొట్రుపాటుకే తుంటి ఎముక విరుగును.

ఒకప్పుడు యూరపులోని పొగమంచు నగరములలో పేదపిల్లలు వేలకొలది ఈ రికెట్స్ వలన అవిటివారైరి. 1919 లో బెర్లిన్ నగరములో హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు అతినీలలోహిత కిరణములనిచ్చు దీపము క్రింద పిల్లలను ఉంచి ఈ జబ్బును నయము చేసెను. 1922 లో అమెరికా శాస్త్రజ్ఞుడు మెకాలమ్ కాడ్ చేపనూనెలో రికెట్స్‌ను కుదుర్చు పదార్థమును వేరుగా గుర్తించి దానికి డి విటమిన్ అని పేరు పెట్టెను. 1924 లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో వ్యవసాయ రసాయనశాస్త్రము బోధించు స్టీన్‌బాక్, ఆ కిరణములు సోకిన ఆహారములో కూడ ఈ గుణము పుట్టునని చూపెను. పశువుల మేత మీద జరిగిన పరిశోధనలే మనుష్యుల బిడ్డలను కాపాడినవనుట వ్యవసాయదారులు గర్వింపదగిన విషయము.

మన చర్మములో ఒక విధమైన కొవ్వు పదార్థము కలదు. ఎండలోని అతినీలలోహిత కిరణములు దానిపై పడినప్పుడు అది మారి డి విటమిన్ అగును. పిమ్మట కాలేయములోను, మూత్రపిండములలోను సంస్కారము పొంది పనిలోనికి దిగును. ఎండవేడిమి వేరు, ఈ కిరణములు వేరు. వేడి తగిలినంత మాత్రమున విటమిన్ తయారు కాదు. పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలికి చెమట పట్టును గాని డి విటమిన్ రాదు.

ఎండ యుండియు కొరత ఏల?

ఉదాహరణకు మార్కాపురం ప్రాంతములో ఆరుగురున్న ఒక రైతు కుటుంబమును ఊహించుకొందము.

ఇంటి యజమాని బనియను తొడుగుకొని, తలకు తువ్వాలు చుట్టుకొని కందిచేనిలో తిరుగుచుండును. చేతులకు, మెడకు, కాళ్లకు ఎండ తగులును. ఇతని సంగతి కొంత మేలు.

ఇల్లాలు మిరపకాయల కోతకు పోవును. చీరపై మగవారి పొడుగుచేతుల చొక్కా తొడుగుకొని, తలకును చెంపలకును గుడ్డ చుట్టుకొనును. ఎండ నుండియు, కాయ ఘాటు నుండియు, మందు అవశేషముల నుండియు ఇది మంచి రక్షణయే. ఆమె ఎనిమిది గంటలు ఎండలో నిలిచినను చర్మమునకు తగిలిన ఎండ మాత్రము అరచేతులంత.

పెద్దకొడుకు పలకల కార్ఖానాలో పనిచేయును. పొద్దున షెడ్డులోనికి పోయినవాడు పొద్దుగూకిన తరువాతనే బయటకు వచ్చును. కోడలు బాలింత. గాలి తగులరాదని తలుపులు మూసిన గదిలో ఉంచిరి. అవ్వ మోకాళ్ల నొప్పులతో పంచలో మంచము మీదనే యుండును. మనుమరాలు తొమ్మిది గంటలకు బడికి పోయి నాలుగు గంటలకు వచ్చును.

ఆరుగురిలో తగినంత ఎండ తగులునది ఒక్కనికే. తక్కినవారు ఎండసీమలో ఉన్నారు గాని ఎండలో లేరు.

ఇంకొక కారణము కూడ కలదు. మన చర్మములోని మెలనిన్ అను నల్లరంగు కిరణములను అడ్డగించును. అది మనకు ప్రకృతి ఇచ్చిన గొడుగు. దానివలన చర్మము త్వరగా కమలదు, చర్మపు పుట్టకురుపుల భయము తెల్లవారికున్నంతగా మనకు లేదు. అయితే ఆ గొడుగు వలననే మనకు విటమిన్ తయారగుటకు ఎక్కువసేపు పట్టును. కిటికీ అద్దము కూడ ఈ కిరణములను ఆపివేయును. కావున బస్సులో అద్దము ప్రక్కన కూర్చుండి ఎండ కాగుట వలన చెమటయే తప్ప లాభము లేదు.

లేత ఎండ సంగతి

"ఉదయపు లేత ఎండలో డి విటమిన్ ఉన్నది" అను మాట అందరినోట వినవచ్చును. లేత ఎండ శరీరమునకు హాయి, మనస్సునకు ఉల్లాసము. అందు సందేహము లేదు. కాని డి విటమిన్ విషయములో ఈ మాట సరికాదు.

సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు కిరణములు గాలి పొరలలో చాలదూరము ప్రయాణము చేయవలెను. ఆ దారిలోనే అతినీలలోహిత కిరణములలో మనకు కావలసిన భాగము చాలవరకు ఆగిపోవును. సూర్యుడు నడినెత్తికి వచ్చుకొలది ఆ భాగము పెరుగును. తిరుపతిలోని పరిశోధకులు చర్మములోనుండు ఆ మూలపదార్థమును చిన్న గొట్టములలో పోసి, పగలు వేర్వేరు గంటలలో ఎండలో ఉంచి, ఎంత భాగము మారినదో కొలిచిరి. పగలు 11 గంటల నుండి 2 గంటల వరకు మార్పు హెచ్చుగా జరిగినదని 2013 లో వెల్లడించిరి.

ఇక్కడనే చిక్కు వచ్చుచున్నది. మే నెలలో 11 గంటలకు దోర్నాల బయలులో ఎవరినైనను ఎండ కాగుమని చెప్పుట బుద్ధిగల మాట కాదు. విటమిన్ కొరకు పోయి వడదెబ్బ తెచ్చుకొందురు. మరి గడియారమును నమ్ముకొనక వేరొక కొలత కావలెను. ఆ కొలత ప్రతి మనిషి కాళ్లదగ్గరనే ఉన్నది. అదియే నీడ.

నీడ కొలత

మన పెద్దలు గడియారములు లేని కాలములో తమ నీడను అడుగులతో కొలిచి పొద్దు చెప్పెడివారు. అదే విద్యను ఇప్పుడు మరల ఉపయోగింపవచ్చును.

చదునైన నేలపై ఒక కర్రను నిలువుగా పాతుడు. నీడ కర్రకంటె పొడుగుగా ఉన్నంతవరకు విటమిన్ తయారగుట స్వల్పము. నీడ కర్రకు సమానమైనప్పటి నుండి పని మొదలైనదని గ్రహింపవలెను. కర్ర లేనిచో తన నీడను చూచుకొన్నను చాలును. నీడ మనిషికంటె పొట్టిదైనదా, లేదా? అంతే కొలత.

పెద్దదోర్నాల భూమధ్యరేఖకు సుమారు 16 డిగ్రీలు ఉత్తరముగా నున్నది. ఆ లెక్కను బట్టి ఇచ్చట నీడ కర్రకంటె పొట్టిగా ఉండు వేళలు సుమారుగా ఇట్లుండును:

మే నెలలో: ఉదయము 9 గంటల నుండి మధ్యాహ్నము 3 గంటల 20 నిమిషముల వరకు.

మార్చి, సెప్టెంబరు నెలల మూడవ వారములో: ఉదయము 9 గంటల 30 నిమిషముల నుండి మధ్యాహ్నము 3 గంటల వరకు.

డిసెంబరు నెలలో: పగలు 10 గంటల 40 నిమిషముల నుండి 1 గంట 40 నిమిషముల వరకు.

దీనినిబట్టి ఒక మంచి సంగతి తెలియుచున్నది. వేసవిలో నీడ త్వరగా పొట్టిదగును. కావున ఉదయము 9 గంటలకు, నేల ఇంకను కాలకముందే, కావలసిన ఎండ దొరకును. నడిమధ్యాహ్నము వరకు కాచుకొనియుండ నక్కరలేదు. చలికాలములో నీడ ఆలస్యముగా పొట్టిదగును. అప్పుడు 11 గంటల నుండి 1 గంట వరకు ఎండ కాగవలెను. ఆ వేళ ఎండ సాధారణముగా వేడి తక్కువగా ఉండును గనుక అపాయము లేదు. కాలమును బట్టి విత్తనము మార్చినట్లే, కాలమును బట్టి ఎండ కాగు వేళను మార్చుకొనవలెను.

ఎంతసేపు? ముఖము, ముంజేతులు, మోకాళ్ల క్రిందిభాగము ఎండకు తెరచియుంచి, వారమునకు మూడు నాలుగు మారులు, నీడ కర్రకు దాదాపు సమానముగా ఉన్నప్పుడు 20 నుండి 30 నిమిషములు, నీడ కర్రలో సగమైనప్పుడు 10 నుండి 15 నిమిషములు ఉండుట సాధారణముగా చాలును. చర్మము చురుక్కుమనుటకు ముందే నీడకు రావలెను. ఎక్కువసేపున్న కొలది ఎక్కువ విటమిన్ వచ్చుననుకొనరాదు. కొంతసేపైన తరువాత చర్మము తయారైనదానిని పనికిరాని పదార్థములుగా మార్చివేయును. చెరువు నిండిన తరువాత కలుజు పారినట్లే ఇదియును. ఈ ఏర్పాటు వలననే ఎండ ఎంత కాచినను డి విటమిన్ మితిమీరి విషమైన వారు లేరు.

తయారైన విటమిన్ కొంతకాలము శరీరములో నిల్వయుండును. అందువలన వాన ముసురు పట్టి నాలుగురోజులు ఎండ లేకపోయినను దిగులు పడనక్కరలేదు.

ఎవరెవరు ఏమి చేయవలెను?

ముందు చెప్పిన కుటుంబమును మరల చూతము. యజమాని ప్రత్యేకముగా ఏమియు చేయనక్కరలేదు. అతడు ఎండ దెబ్బ తగులకుండ చూచుకొనిన చాలును.

ఇల్లాలు పనివేళ ఒడలు కప్పుకొనుట మానరాదు. పని విరామములో, మందు చల్లిన చేనికి దూరముగా వచ్చి, చేతులు, ముఖము సబ్బుతో కడుగుకొని, పై చొక్కా తీసి కొద్దిసేపు ఎండ తగులనీయవలెను. మందు చల్లిన మిరప, పత్తి చేలలో చేతులు మడిచి నిలబడరాదు.

కార్ఖానాలో పనిచేయువాడు అన్నపు విరామములో కొంతసేపు బయట గడపవలెను. బడిపిల్లకు ఆటల పీరియడ్డు చలికాలములో 11 గంటల తరువాత ఉండునట్లు ఉపాధ్యాయులు ఏర్పాటు చేయవచ్చును. అవ్వ మంచమును పంచలో నుండి కొద్దిసేపు ఎండలోనికి లాగినచో ఖర్చు లేని వైద్యము జరిగినట్లే.

బాలింతను చీకటిగదిలో ఉంచుట మేలు కాదు. ఆమెకు గాలి, వెలుతురు, ఎండ మూడును కావలెను. తల్లిపాలు బిడ్డకు అమృతమే గాని అందు డి విటమిన్ స్వల్పము. ఆరునెలలలోపు పసిబిడ్డను తీవ్రమైన ఎండలో ఉంచరాదు. కావుననే మొదటి సంవత్సరము పసిబిడ్డకు దినమునకు 400 యూనిట్ల చొప్పున డి విటమిన్ చుక్కలు వేయవలెనని పిల్లల వైద్యులు చెప్పుచున్నారు. చుక్కల సీసాలు పలు బలములలో దొరకును. కావున ఎన్ని చుక్కలో డాక్టరునో, నర్సునో అడిగి వేయవలెను.

బొల్లి కలవారు, పుట్టుకతో తెల్లని చర్మము, తెల్లని వెండ్రుకలు కలవారు, ఎండ పడని మందులు వాడువారు ఎండలో నిలువరాదు. వీరు వైద్యుని సలహా పొందవలెను. ఎవరును సూర్యుని వైపు చూడరాదు. ఏండ్ల తరబడి కంటికి తీవ్రమైన ఎండ తగులుట శుక్లములకు ఒక కారణము. అంచు గల టోపీ, తలగుడ్డ కంటికి మేలు చేయును.

ఎండకు హద్దు

2015 మే నెల వడగాలులలో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా మరణించిరి. ఇట్టి మరణములకు ఎర అగువారిలో కూలీలు, ముసలివారు ముందుందురు. కావున ఈ వ్యాసమును చదివి ఎవరును వేసవి మధ్యాహ్నము ఎండలో నిలువరాదు.

వేసవిలో పొలము పని, కరువు పని ఉదయము 11 గంటల లోపల ముగించి, మిగిలినది సాయంకాలము చేసికొనవలెను. పనిచోట నీడపందిరి, త్రాగునీరు తప్పక ఉండవలెను. దప్పిక వేయకముందే నీరు, ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి త్రాగుచుండవలెను. సారా, కల్లు త్రాగి ఎండలో పనిచేయుట మృత్యువును పిలుచుటయే.

తలనొప్పి, కండ్లు తిరుగుట, వాంతి, పిక్కలు పట్టుట వడదెబ్బకు ముందు వచ్చు హెచ్చరికలు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, తడిగుడ్డతో ఒళ్లంతయు తుడిచి, విసరవలెను. తెలివి ఉన్నచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. ఒళ్లు కాలిపోవుచు మాటలు తడబడినను, తెలివి తప్పినను అది ప్రాణాపాయస్థితి. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు. ఒంటిపై నీరు చల్లుచునే 108 కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్పవలెను.

కూటిలో సున్నము లేనిచో ఎండ నిలువదు

పొలములో పనిచేయు పురుషులలో కూడ నూటికి 44 మందికి నిల్వ తక్కువ ఏల? తిరుపతి పరిశోధకులు ఆహారమును కూడ పరిశీలించిరి. ఆహారములో కాల్షియం తక్కువగాను, ఫైటేటు అను పదార్థము ఎక్కువగాను ఉన్నట్లు కనుగొనిరి. ఫైటేటు గింజల పైపొరలలో ఉండి కాల్షియంను పట్టుకొని పేగులలో ఇంకనీయదు. కాల్షియం చాలనప్పుడు శరీరము ఉన్న డి విటమిన్‌ను త్వరత్వరగా ఖర్చు చేసివేయును. అనగా ఎండ నింపిన కుండకు కూడు చిల్లు పెట్టుచున్నది.

పెద్దలకు దినమునకు వేయి మిల్లీగ్రాముల కాల్షియం కావలెనని భారత వైద్య పరిశోధన మండలి 2020 లో నిర్ణయించెను. వరి అన్నము, పచ్చడి, పలుచని చారుతో ఇందులో చాల కొద్దిభాగమే దొరకును. మన చేలలోని పంటలతోనే ఈ లెక్క ఎట్లు పూరింపవచ్చునో చూడుడు. నూరు గ్రాముల రాగిపిండితో చేసిన సంకటిలో సుమారు 350 మిల్లీగ్రాములు, మూడువందల మిల్లీలీటర్ల పాలు లేక పెరుగులో సుమారు 350, గుప్పెడు మునగాకులో సుమారు 150, ఒక చెంచా నువ్వులలో సుమారు 120. మొత్తము దాదాపు వేయి.

రాగులను రాత్రి నానబెట్టి, మూటకట్టి మొలకెత్తించి, ఆరబెట్టి పిండి చేసినచో ఫైటేటు తగ్గును. అంబలిని పులియనిచ్చుట కూడ ఇందుకు ఉపకరించును. మన అవ్వలు పాటించిన ఈ పద్ధతి వెనుక ఇంత శాస్త్రమున్నది. ఇంటిపాలు మొత్తము కేంద్రమునకు పోసి పిల్లలకు టీనీళ్లు ఇచ్చుట ఆలోచింపదగిన విషయము. ఇంటిల్లిపాదికి ఉంచుకొని మిగిలినది అమ్మవలెను.

ఆహారములో డి విటమిన్ సహజముగా ఉండునవి కొద్ది. కొవ్వుగల చేపలు, కాలేయము, గ్రుడ్డులోని పచ్చసొన చెప్పదగినవి. అంగడిలో దొరకు కొన్ని నూనెలలోను, పాలలోను డి విటమిన్ కలిపి అమ్ముచున్నారు. అట్టి సంచులపై కూడిక గుర్తుతో ఎఫ్ అక్షరము ముద్రింపబడియుండును.

ఫ్లోరైడు నీటిని మరువరాదు

ఈ ప్రాంతములో కాళ్లు వంగుటకు, కీళ్లు బిగియుటకు వేరొక పెద్ద కారణమున్నది. అది బోరునీటిలోని ఫ్లోరైడు. మద్రాసు రాజధానిలో, అప్పటి నెల్లూరు జిల్లా గ్రామములలో ఈ జబ్బు కలదని 1937 లో షార్ట్ అను వైద్యుడు, ఆయన సహచరులు లోకమునకు తెలిపిరి. ఆనాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి సీమలు 1970 లో ఏర్పడిన కొత్త జిల్లాలో చేరినవి. 1973 లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు నల్లగొండ జిల్లాలో ఇట్టి నీరు త్రాగువారిలో మోకాళ్లు లోపలికి వంగుటను వర్ణించిరి.

కాల్షియం, డి విటమిన్ తక్కువైన బిడ్డకు ఫ్లోరైడు హెచ్చుగా హాని చేయును. కాని ఎండ కాగుట వలన ఫ్లోరైడు పోదు. నీటిని కాచినను పోదు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడు ఉండకుండుట మేలు. ఒకటిన్నరకు మించిన నీరు త్రాగరాదు. కావున కాళ్లు వంకరైన బిడ్డను చూచినప్పుడు "ఎండ చాలలేదు" అని సరిపెట్టుకొనక, త్రాగునీటిని పరీక్ష చేయింపవలెను. దోర్నాల ప్రక్కన నల్లమలను తొలిచిన వెలిగొండ సొరంగముల ఉద్దేశములలో కృష్ణనీటిని త్రాగుటకు అందించుట ఒకటి. అట్టి నదీజలము గాని, శుభ్రముగా పట్టిన వాననీరు గాని అందువరకు పరీక్షించిన నీటినే వంటకును, త్రాగుటకును వాడవలెను.

మాత్రలు, సూదిమందుల విషయములో జాగ్రత్త

నడుమునొప్పి అనగానే డి విటమిన్ సూదిమందు వేయించుకొనుట అలవాటగుచున్నది. దీని లెక్క తెలిసికొనుడు. పెద్దలకు దినమునకు కావలసినది 600 యూనిట్లు. అంగడిలో దొరకు పొడి పొట్లములో, గుళికలో సామాన్యముగా 60,000 యూనిట్లు ఉండును. అనగా ఒక్క గుళిక నూరుదినముల మోతాదు. దీనిని కొరత ఉన్నవారికి వైద్యులు సాధారణముగా వారమునకు ఒకటి చొప్పున కొన్ని వారములు మాత్రమే ఇత్తురు. పొరపాటున దినమునకు ఒకటి మ్రింగినచో ఆపదయే. ఆరులక్షల యూనిట్ల సూదిమందు ఒక్కటి వేయిదినముల మోతాదు. నొప్పి తగ్గలేదని నెలనెల వేయించుకొనుట ఎంత ప్రమాదమో ఊహింపవచ్చును.

ఎండ వలన రాని విషము మందు వలన వచ్చును. రక్తములో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధము, అతిమూత్రము, అతిదాహము, మతిమరపు కలుగును. మూత్రపిండములు చెడును. కావున వైద్యుని చీటీ లేక వీనిని కొనరాదు. చీటీలో "వారమునకు" అని ఉన్నదో "దినమునకు" అని ఉన్నదో అడిగి తెలిసికొనవలెను.

రక్తపరీక్ష అందరికి అవసరము లేదు. ఆరోగ్యముగా ఉన్న పెద్దలకు ఊరక ఈ పరీక్ష చేయనక్కరలేదని 2024 లో అంతర్జాతీయ గ్రంథివైద్యుల సంఘము సూచించెను. ఎముకల నొప్పి, కండరముల నిస్సత్తువ, కాళ్లు వంగుట, తేలిక దెబ్బకే ఎముక విరుగుట ఉన్నవారు మాత్రము డాక్టరునకు చూపుకొనవలెను.

పశువులకు, కోళ్లకు

మనకు వర్తించు సూత్రమే పశువులకును వర్తించును. చీకటికొట్టములో కట్టివేసిన దూడకు కాళ్లు వంగవచ్చును. దినము కొంతసేపు దానిని బయట కట్టవలెను. ఎండలో ఆరబెట్టిన గడ్డిలో డి విటమిన్ కొంత ఏర్పడును. బయట తిరుగు నాటుకోడికి ఎండ దొరకును గాని, షెడ్డులో పెంచు కోళ్లకు మేతలో డి విటమిన్ కలుపనిచో కాళ్లు చచ్చుబడి గ్రుడ్ల పెంకు పలుచబడును.

గ్రామోద్యోగులు చేయదగిన పనులు

గ్రామములోని ఉద్యోగులు, ఉపాధ్యాయులు, అంగన్వాడీ, ఆశా కార్యకర్తలు తలచుకొనినచో ఖర్చు లేకయే చాల మేలు చేయవచ్చును.

1. బడి ఆవరణలోను, అంగన్వాడీ ముందును నీడకర్ర ఒకటి పాతి, దాని పొడవంత వలయము నేలపై గీయింపవలెను. నీడ వలయము లోపలికి వచ్చిన వేళ పిల్లలకు తెలియును. లెక్కల పాఠము, ఆరోగ్యపాఠము రెండును ఒకే కర్రతో జరుగును.

2. మే మొదటి వారములోను, ఆగస్టు 8, 9 తేదీల ప్రాంతములోను దోర్నాలలో సూర్యుడు సరిగా నడినెత్తిన నిలుచును. మబ్బు లేనిచో ఆ మధ్యాహ్నము కర్రనీడ కర్ర మొదటనే కలిసిపోవును. ఒక్క నిమిషము పిల్లలకు ఇది చూపి వెంటనే నీడకు తీసికొని పోవలెను.

3. త్రాగునీటి బోరులన్నిటిని ఫ్లోరైడు పరీక్ష చేయించి, ఫలితమును బోరు దగ్గరనే వ్రాయింపవలెను.

4. మంచమునకు అంటుకొనియున్న వృద్ధులను, బాలింతలను గుర్తించి, ఎండ, ఆహారము, మందుల విషయము వారి ఇంటివారికి తెలుపవలెను.

5. వేసవిలో పనిచోట పందిరి, నీరు, మజ్జిగ ఉన్నవో లేవో స్వయముగా చూడవలెను.

రైతు సోదరులు, సోదరీమణులు ఈ నాలుగు మాటలు జ్ఞాపకముంచుకొందురు గాక. నీడ పొట్టిదైనప్పుడు కొద్దిసేపు ఎండ, వేడి హెచ్చకముందే నీడ. సంకటిలో, మజ్జిగలో, ఆకుకూరలో సున్నము. పరీక్షించిన నీరు. చీటీ లేని మందుకు దూరము. మన సీమకు వాన తన ఇష్టము వచ్చినప్పుడు వచ్చును, ఎండ మాత్రము ప్రతిదినము వచ్చుచున్నది. దానిని కొలిచి వాడుకొనినచో అది మన బిడ్డల ఎముకలలో నిలుచును.